కరీబియను దీవులలో మితవ్యయ యాత్రయు, నివాసస్థల విచారణయు

(మన పద్మశాలీయ సంఘ వార్షిక మహాసభ రెండవనాటి సభయందు చేసిన యుపన్యాసము)



మా యాత్రావృత్తాంతమును ఈ సభకు విన్నవించుటకు కార్యనిర్వాహకవర్గమువారు ముప్పావుగంట కాలము నొసంగిరి. చెప్పవలసినది విస్తారము, కాలము స్వల్పము. కావున ఉపచారవాక్యములు తగ్గించి, పెద్దలందఱకు నమస్కరించి, నేరుగా విషయమునకు వచ్చుచున్నాము. మేమనగా దంపతులము. వేదికపై నిలిచి మాటాడుచున్నది ఒకరే యైనను మాట యిరువురిది.

మన కులమునకు వలస క్రొత్తది కాదు. మగ్గమును నమ్ముకొని కరీంనగరము, నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములనుండి మనవారు షోలాపురమునకును, భివండికిని, సూరతునకును పోయిరి. అచ్చట పేటలు కట్టిరి, బడులు పెట్టిరి, సంఘములు స్థాపించిరి. తరువాతి తరమువారు మస్కటు, దుబాయి, కువైటులకు పోయిరి. నేటి యువకులు అమెరికాకు పోవుచున్నారు. అయినను వలసపోవుట వేఱు, స్థిరపడుట వేఱు. గల్ఫుదేశములలో ఉద్యోగమున్నంతకాలమే నివాసము. ఉద్యోగము తీఱినమఱునాడు మనిషి పరదేశియే. మేము మస్కటునందు ఇరువదియొక్క సంవత్సరములు పనిచేసి, ఒకరము లెక్కలు వ్రాసి, ఒకరము పిల్లలకు చదువు చెప్పి, చివరకు నాలుగు పెట్టెలతో చీరాల చేరితిమి. పిత్రార్జితమైన యింట మాకు వచ్చిన భాగము రెండు గదులు.

యాత్రకు కారణము

మాకొక్కతే కుమార్తె. ఆమె వైద్యవిద్యకై గయానాదేశమునకు పోయి, చదువు ముగించి, అచ్చటనే వైద్యురాలుగా పనిచేయుచున్నది. ఆ మండలములోని వైద్యపరిషత్తులు కలిసి జరుపు పరీక్షయందు కృతార్థురాలైనందున ఇతర దీవులలో కూడ ఉద్యోగము వెదకుకొనుట కామెకు వీలున్నది. "నాన్నా, అమ్మా, మీరు వచ్చి చూడండి. ఏ ఊళ్లో మీరుండగలరో చెప్పండి. నేనక్కడే పని చూసుకుంటాను" అని ఆమె యడిగెను. మా తల్లిగారు ఎనుబదినాలుగేండ్ల వృద్ధురాలు. ఆమె యడిగిన ప్రశ్న వేఱు: "అక్కడ మనవాళ్లెవరన్నా ఉన్నార్రా? నాకేదన్నా అయితే ఎన్నాళ్లకొస్తారు?" ఈ రెండు ప్రశ్నలను మూటగట్టుకొని మేము బయలుదేఱితిమి. మా చేతనున్న నిలువధనము ఆయువున్నంతవఱకు రావలసినది. అందులో విహారమునకు భాగము లేదు. అందుచేత అతిస్వల్పవ్యయముతో దీవి వెంట దీవిని పరిశీలించి, ఎచ్చట నిలువవచ్చునో నిర్ణయింప నిశ్చయించితిమి.

కాలము, దారి, పత్రములు

కరీబియను సముద్రమున జూన్ 1 మొదలు నవంబరు 30 వఱకు తుపానుల కాలము. మన కోస్తావారికి తుపాను భయమును వర్ణించి చెప్పనక్కఱలేదు. జనవరి మొదలు మే వఱకు వానలు తక్కువ. మేము 2025 జనవరి 15వ తేదీన బార్బడోసులో దిగి, సెయింట్ లూషియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడా, ట్రినిడాడు దీవులను వరుసగా చూచి, గయానాయందు మే 6 వఱకు నుంటిమి. మొత్తము 112 దినములు.

భారత పాస్‌పోర్టు గలవారు బార్బడోసు, గ్రెనడా, సెయింట్ విన్సెంట్, డొమినికా, ట్రినిడాడులకు స్వల్పకాల సందర్శనార్థము పోవునపుడు ముందుగా వీసా తీసికొన నక్కఱలేదు. గయానాకు ముందుగా తెచ్చుకొంటిమి. ఈ నియమములు మాఱుచుండును గావున ప్రయాణమునకు ముందు మరల విచారించుకొనవలయును. గ్వాడెలూపు, మార్టినికులు ఫ్రాన్సుదేశపు భాగములు; వానికి ఫ్రెంచివారి యనుమతి వేఱుగ కావలయును. ఆ వ్యయమును తప్పించుకొనుటకు మేమచ్చటికి పోలేదు. అమెరికా విమానాశ్రయములో విమానము మాఱుటకు మాత్రమే దిగినను ఆ దేశపు వీసా వలయును. కావున మేము లండనుమీదుగా పోయితిమి. లండనులో మాఱువారును అచ్చటి నియమమును ముందే తెలిసికొనుట మేలు.

మఱియొక్క ముఖ్యవిషయము. ప్రతి దీవియందును అధికారులు మూడు సంగతులు అడుగుదురు: ముందునకు పోవు టిక్కెట్టు, బస చేయు చోటు, చేతిలోని ధనము. ముందునకు టిక్కెట్టు లేనిదే విమానము నెక్కనీయరు. ఇచ్చ వచ్చినప్పుడు పోవచ్చునను ఆలోచన అచ్చట సాగదు. దీవులు కన్నులకు దగ్గఱ. టిక్కెట్టు వెల దూరము. పన్నులు కలియుటచే అరగంట విమానప్రయాణమునకు మన హైదరాబాదు–ఢిల్లీ టిక్కెట్టునకు మించి ఇచ్చుకొనవలసివచ్చును. పడవలు కొన్నిచోట్ల మాత్రమే కలవు: ట్రినిడాడునుండి టొబాగోకు, గ్రెనడానుండి కారియకూకు, సెయింట్ విన్సెంటునుండి బెక్వేకు, ఫ్రెంచి దీవులు, డొమినికా, సెయింట్ లూషియాల నడుమను పడవలు తిరుగును. తక్కిన చోట్ల ఆకాశమే దారి.

వ్యయవిచారము

సభికులలో యువకులు ఈ భాగమును వ్రాసికొందురు గాక. ఇరువురకు బస, భోజనము, బస్సులతో దినమునకు బార్బడోసులో 11,500 రూపాయలు, సెయింట్ లూషియాలో 8,000, సెయింట్ విన్సెంటునను గ్రెనడాలోను 7,000, ట్రినిడాడులో 5,500, గయానాలో 4,200 చొప్పున వ్యయమైనది. 112 దినములకు మొత్తము 7,08,200 రూపాయలు. భారతదేశమునుండి పోయి వచ్చుటకు 2,90,000, దీవుల నడుమ విమానములకు 1,75,000. వెరసి 11,73,200 రూపాయలు. ఇది అల్పమైన మొత్తము కాదని మాకు తెలియును. కాని చూడకుండ స్థలము కొని, ఆపై విడిచివచ్చిన వారి నష్టముతో పోల్చిన ఇది విత్తనపు ఖర్చు.

ఇంత తక్కువలో జరుగుటకు నాలుగు పద్ధతులు పాటించితిమి. మొదటిది, సముద్రతీరపు హోటళ్లు విడిచి, ఊరిలో వంటగది గల అద్దెగదులను వారములెక్కను తీసికొంటిమి. రెండవది, టాక్సీలు మాని జనులెక్కు చిన్నబస్సుల నెక్కితిమి. బార్బడోసులో దీవి ఈ చివరనుండి ఆ చివరకు పోయినను బస్సుకూలి మూడున్నర బార్బడోసు డాలర్లే. రెండు బార్బడోసు డాలర్లు ఒక అమెరికా డాలరునకు సమానము. ట్రినిడాడులో మాక్సీ టాక్సీలను వాని పట్టీ రంగును బట్టి గుర్తింతురు: ఎఱ్ఱపట్టీది తూర్పున అరీమాకు, పచ్చపట్టీది దక్షిణమున శాన్ ఫెర్నాండోకు. గయానాలో బస్సులకు అంకెలు. విమానాశ్రయమునకు పోవునది 42. మూడవది, సంతలలో కూర కొని వండుకొంటిమి. నాలుగవది, ఉత్సవములకు దూరముగ నుంటిమి. 2025లో ట్రినిడాడు కార్నివాలు మార్చి 3, 4 తేదీలలో జరిగినది. ఆ దినములలో గది అద్దెలు ఇబ్బడిముబ్బడి యగును. మేము ఉత్సవము ముగిసిన పిమ్మట మార్చి 6న పోయితిమి.

నాణెములనుగూర్చి రెండు మాటలు. సెయింట్ లూషియా, సెయింట్ విన్సెంట్, గ్రెనడా, డొమినికా మొదలగు ఎనిమిది ప్రాంతములకు ఒకే తూర్పు కరీబియను డాలరు చెల్లును. 1976 మొదలు అమెరికా డాలరు ఒకటికి అది 2.70 చొప్పున స్థిరముగ నున్నది. అందుచే లెక్క తేలిక. కాని భోజనసామగ్రి చాలవఱకు ఓడలపై రావలసినదే గావున వెలలు హెచ్చు. పండించుకొను దేశములు ట్రినిడాడు, గయానాలు. అచ్చటనే మన సంచి నిండినది.

శాకాహారులకు ట్రినిడాడు అన్నదాత. పొద్దున వీథిమూలల రెండు మెత్తని బారాల నడుమ సెనగలకూర పెట్టి యమ్ముదురు. దానిని 'డబుల్స్' అందురు. పప్పు నింపిన రొట్టెను దాల్‌పూరీ యందురు. బైగన్, ఆలూ, భాజీ యను మాటలు నీగ్రో సంతతివారి నోటను వినబడును. గయానాలో పెండ్లికిని పూజకును తామరాకులో ఏడుకూరల భోజనము పెట్టుదురు. ఆకు పఱచి, అన్నము వడ్డించి, కూర తరువాత కూర వచ్చుచుండగా మాకు మన పంక్తిభోజనము జ్ఞప్తికి వచ్చినది.

దీవి వెంట దీవి

బార్బడోసు చక్కని దీవి. నియమముగల పాలన, శుభ్రమైన నీరు, మంచి బడులు. 2021 నవంబరు 30న గణతంత్రమైనది. మనవంటి స్వల్పధనులకు అచ్చటి వెలలే అడ్డుగోడ. సంవత్సరము పాటు నివసించి దూరమునుండి ఉద్యోగము చేసికొనువారికై 2020లో ఆ ప్రభుత్వము ఒక యనుమతిపత్రమును ఏర్పఱచినది. సంవత్సరమునకు 50,000 అమెరికా డాలర్ల యాదాయమున్నవారికే అది. కంప్యూటరు పనిచేయు మన యువకులకు తగును, మాకు తగదు.

సెయింట్ లూషియా కొండల దీవి. సర్ ఆర్థర్ లూయిస్‌కు 1979లో అర్థశాస్త్రమునందును, డెరెక్ వాల్కాట్‌కు 1992లో సాహిత్యమునందును నోబెల్ బహుమానములు వచ్చినవి. ఇంత చిన్న దీవికి రెండు నోబెలులు! బడిని నమ్ముకొన్న జనమునకు పరిమాణముతో పనిలేదని మన విద్యార్థివసతిగృహ నిర్వాహకులు గ్రహింతురు గాక.

సెయింట్ విన్సెంటునకు మనకు ఒక బంధముండుట మేము పోవువఱకు ఇచ్చట చెప్పినవారు లేరు. 1861 జూన్ 1న ఆ దీవికి భారతకూలీలను తెచ్చిన మొదటి ఓడ 'ట్రావన్‌కోర్' మద్రాసు రేవునుండియే బయలుదేఱినది. నేడు వారి సంతతివారు క్రైస్తవులై, పేర్లు మాఱి, తక్కిన జనముతో కలిసిపోయిరి. అయినను జూన్ 1ని ఆగమనదినముగ పాటించుచున్నారు. అచ్చటి సూఫ్రియేరు అగ్నిపర్వతము 2021 ఏప్రిలునందు ప్రేలినది. 2024 జూలై 1న 'బెరిల్' తుపాను ఆ దేశమునకు చెందిన యూనియను దీవిని, గ్రెనడాకు చెందిన కారియకూను ధ్వంసము చేసినది.

గ్రెనడా మా మనస్సునకు మిక్కిలి నచ్చిన దీవి. జాజికాయ వాసనగల కొండలు, మర్యాదస్థులైన జనులు. 1976లో స్థాపితమైన వైద్యవిశ్వవిద్యాలయముచే ఊరు విద్యార్థులతో కళకళలాడుచుండును. మా యింటి యజమానురాలు మమ్ము "మిస్టర్", "మిస్ట్రెస్" అని పిలిచి ప్రతిదినము చెట్టునుండి ఒక సీమపనస కోసి యిచ్చెడిది. అయినను 2004 సెప్టెంబరులో 'ఐవాన్' తుపానుచే ఆ దీవిలోని యిండ్లలో నూటికి తొంబదివఱకు దెబ్బతినినవి. అరువదేండ్లు దాటబోవువారు పైకప్పు నెన్నిమార్లు వేయించుకొనగలరు?

ట్రినిడాడు తుపానులదారికి చాలవఱకు దక్షిణమున నున్నది. 2011 జనగణనము ప్రకారము నూటికి 35 మంది భారతసంతతివారు. భాష, భోజనము, పండుగ, దేవాలయము అన్నియు గలవు. కాని మేము పోయిన కాలమున, 2024 డిసెంబరు 30న ప్రకటింపబడిన అత్యవసరపరిస్థితి అమలులో నుండెను. ముఠాల హత్యలు అందుకు కారణము. పగలు మాకెట్టి యిబ్బందియు కలుగలేదు. రాత్రి తొమ్మిదింటికి వీథులు నిర్మానుష్యములు. కిటికీలకు ఇనుపకమ్ములు లేని యిల్లు కానరాలేదు.

మనకంటె ముందు పోయినవారు

సోదరులారా! టిక్కెట్టు వెలలు లెక్కించుకొనుచు మేము పోయిన ఈ దారిలో మనదేశపు బీదలు అయిదేండ్ల కూలి ఒడంబడికపై వ్రేలిముద్ర వేసి పోయిరి. బానిసత్వము రద్దయిన పిమ్మట చెఱకుతోటలకు కూలీలు కావలసివచ్చిరి. 1838 మే 5న 'విట్‌బీ', 'హెస్పరస్' అను ఓడలు గయానా చేరినవి. 1845 మే 30న 'ఫతెల్ రజాక్' ట్రినిడాడు చేరినది. అది మొదలు 1917లో ఓడలు నిలుచువఱకు గయానాకు సుమారు 2,39,000 మందియు, ట్రినిడాడునకు 1,40,000కు పైగాను పోయిరి. మిక్కిలి భాగము కలకత్తా రేవునుండి. మద్రాసునుండి పోయినవారు కొలదిమంది. అరవమైనను తెలుగైనను వారందఱకు అచ్చట 'మద్రాసీ' అని యొకటే పేరు.

వారి యనుమతిపత్రములో కులమునకొక గడి యుండెడిది. ఓడలో ఆ గడికి పనిలేకపోయెను. ఒకే కుండలో వండినది తిని, మూడు నెలలు సముద్రముమీద నున్నవారు ఒకరినొకరు 'జహాజీ భాయి' అని పిలుచుకొనిరి. ఆ చుట్టఱికము తరువాతి తరములలో పెండ్లి సంబంధములకు కూడ ప్రాతిపదిక యైనది. ఈ సభయందు పెద్దలు కొందఱు నిన్న మమ్ము ప్రక్కకు పిలిచి, "అక్కడ మనవాళ్ల సంబంధాలు దొరుకుతాయా?" అని యడిగిరి. వారికి సూటిగ ప్రత్యుత్తరమిచ్చుచున్నాము: దొరకవు. అచ్చట మనవారనగా భారతదేశమువారు, అంతే. ఇది కొందఱకు లోపముగను, కొందఱకు మేలుగను తోచవచ్చును. పిల్లలను పంపువారు ఈ సంగతి ముందే తెలిసికొని పంపుట ఉచితము. పంపిన పిమ్మట నిందించుట న్యాయము కాదు.

ఒడంబడిక ముగిసి పదేండ్లు నిండినవారికి తిరుగు ఓడప్రయాణము దొరకెడిది. ట్రినిడాడులో 1869 మొదలు 1880 వఱకు తిరుగుప్రయాణపు హక్కును వదలుకొన్నవారికి ప్రభుత్వభూమి యిచ్చిరి. పుట్టినయూరా, పది యెకరములా? అనేకులు భూమిని కోరుకొనిరి. గయానాకు పోయినవారిలో మూడింట రెండువంతులు అచ్చటనే నిలిచిపోయిరి. మేము ఈ సంగతి విన్ననాడు రాత్రి యిద్దఱమును చాలసేపు మాటాడుకొనలేదు. మా ముందున్న ప్రశ్నయు అదియే కదా!

స్థలమును గూర్చిన తపన యెట్టిదో ట్రినిడాడులో రెండుచోట్ల చూచితిమి. వాటర్లూ గ్రామతీరమున శివదాస్ సాధు అను కూలి కట్టిన గుడి కలదు. ఆయన 1947లో చెఱకుకంపెనీ భూమిలో గుడి కట్టగా, 1952లో దానిని పడగొట్టించి ఆయనకు పదునాలుగు దినములు చెఱసాల విధించిరి. భూమి మీద చోటు లేనియెడల సముద్రము ఎవరిదియు కాదుగదా యని, ఆయన సైకిలుపై రాళ్లు మోసి, ఇరువదియైదేండ్లు సముద్రములో గట్టువేసి మరల గుడి కట్టెను. రెండవది వి. ఎస్. నైపాల్ గారి కుటుంబము పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కొనుక్కొన్న చిన్నయిల్లు. 1961లో వెలువడిన 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్' అను ఆయన నవల సొంతయింటికై జీవితమంతయు పెనగులాడిన యొక మనిషి కథ; తన తండ్రి జీవితమును ఆధారముగ గొని వ్రాసినది. అయినవారి యిండ్లలో గదులు పంచుకొని బ్రదికినవారు ఆ పుస్తకమును చదివినచో తమ కథయే యనుకొందురు.

మన చేతిబట్ట

సెయింట్ లూషియాలో అంగడియందు వ్రేలాడుచున్న గళ్లబట్టను చూచి మేము నిలిచిపోయితిమి. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ గళ్లు. దాని పేరడుగగా అంగడియామె "మద్రాస్" అనెను. ఆ దేశపు జాతీయవేషమునకు అదియే బట్ట. డొమినికా, ఆంటిగ్వా, గ్వాడెలూపు, మార్టినికులందును అట్లే. జమైకాలో 'బండానా' అందురు. కోరమండలతీరపు మగ్గములనుండి ఆంగ్లేయ, ఫ్రెంచి వర్తకులు కొనిపోయిన రుమాళ్లబట్టయే ఆ దీవుల స్త్రీల తలపాగయై, తరువాత జాతీయచిహ్నమైనది. తలపాగకు ఒక కొమ్ము నిలిపిన మనస్సు ఖాళీగ నున్నదనియు, మూడు నిలిపిన పెండ్లియైనదనియు పూర్వము సంకేతముండెడిదట.

మన చీరాల ప్రాంతపు రుమాళ్లు అరబ్బుదేశములకును పశ్చిమాఫ్రికాకును ఓడలెక్కినవని పెద్దలెఱుగుదురు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళికగుర్తింపు వచ్చినది. అట్టి చేతిపని గలవారి పేరుమీద నేడు ఆ దీవులలో అమ్ముచున్నది చాలమట్టుకు మిల్లుబట్టయో, అచ్చుబట్టయో. మేము అంగడిలో బట్టను త్రిప్పి చూచితిమి. గళ్లు ఒకవైపే యున్నవి, వెనుకవైపు వెలవెలబోయినది. పడుగులోను పేకలోను రంగు లేక అచ్చు వేసినదని నేతవానికి చెప్పనేల? గజము వెల సుమారు ఇరువది తూర్పు కరీబియను డాలర్లు, అనగా మన ఆఱువందల రూపాయలకు పైమాట. ఈ సంగతిని మన సహకారసంఘములవారి యెదుట నుంచుచున్నాము. రోజువారీ బట్టలో మిల్లుతో పోటీ పడజాలము. కాని జాతీయదినోత్సవమునకు అసలుబట్ట కట్టవలెనను కోరిక గలవారు అచ్చటను కలరు.

స్థిరనివాస నియమములు

ఇక చట్టము. మన రాజ్యాంగము తొమ్మిదవ అధికరణము, 1955 పౌరసత్వచట్టము ప్రకారము, స్వేచ్ఛగ పరదేశపౌరసత్వము పొందినవాడు భారతపౌరుడు గాకపోవును. ఓ.సి.ఐ. పత్రము దొరకవచ్చును, కాని దానితో వోటు లేదు, ఇచ్చట వ్యవసాయభూమి కొనుటకు వీలులేదు. అయిదు దీవుల ప్రభుత్వములు ధనము పుచ్చుకొని పౌరసత్వమిచ్చుచున్నవి. 2024లో వానిలో నాలుగు కూడి, రెండులక్షల అమెరికా డాలర్లకు తక్కువ పుచ్చుకొనరాదని యొడంబడిక చేసికొనినవి. ఇచ్చట ఒక దళారి ఇంకను చౌకగ నిప్పింతునని మాకు ఆశపెట్టెను. ఒడంబడికకు లోబడి వెలచెప్పని వానికి రూకయైన నీయవలదు. మనదేశమునుండి ఒక్కొక్కరు ఒక ఆర్థికసంవత్సరమున పంపదగిన పరిమితియు రెండున్నరలక్షల డాలర్లే యని మఱువరాదు.

భూమి కొనుటకు గ్రెనడా, సెయింట్ లూషియా, డొమినికావంటి దీవులలో పరదేశీయులు ప్రభుత్వపు లైసెన్సు తీసికొనవలయును. గ్రెనడాలో దాని రుసుము భూమివిలువలో పదవవంతు. ఇల్లు నచ్చినంతమాత్రమున బయానా యీయరాదు. ముందు అద్దెకుండి, ఒక వానకాలము గడపి, నీరెచ్చట నిలుచునో చూచి, ఆపై న్యాయవాదిచే దస్తావేజులు పరీక్షింపజేసికొనవలయును.

వైద్యవిద్యకు పిల్లలను పంపువారికి మఱియొక హెచ్చరిక. 2021 నవంబరులో వచ్చిన జాతీయ వైద్యపరిషత్తువారి నియమముల ప్రకారము, పరదేశమున 54 నెలల చదువును, అదే సంస్థయందు 12 నెలల అభ్యాసమును ఆంగ్లమాధ్యమమున పూర్తిచేయవలయును. ఆ చదువు ఆ దేశములో వైద్యము చేయుటకు చెల్లవలయును. కొన్ని కళాశాలలు చదువు ఒక దీవిలో, ఆసుపత్రి యభ్యాసము మఱియొక దేశములో పెట్టును. అట్టిచోట చదివిన పిల్లలు ఇచ్చటికి వచ్చి చిక్కుపడుదురు. కళాశాల యేదైనను ఈ మూడు ప్రశ్నలు వ్రాతమూలమున అడుగుడు; వ్రాతమూలమున ప్రత్యుత్తరము రానిచో ఫీజు కట్టకుడు.

గయానా, మా నిర్ణయము

చివరకు గయానా. ఇది దీవి కాదు, దక్షిణామెరికా ఖండపుటంచు. తుపానుల మార్గమునకు వెలుపల. ఎనిమిది లక్షల జనము, వారిలో 2012 జనగణనము ప్రకారము నూటికి దాదాపు నలువది మంది భారతసంతతివారు. తీరభూమి పోటుమట్టముకంటె పల్లము. డచ్చివారు త్రవ్విన కాలువలు, సముద్రపుగోడ, ఆటుకు తెఱచి పోటుకు మూయు తూములు. వరిచేలు, కొబ్బరి, కాలువగట్టుమీద సైకిళ్లు: బెర్బీసుప్రాంతమున నడచుచుండగా మేము కోనసీమలో నున్నట్లే తోచినది. 2005 జనవరిలో తూర్పుతీరము మునిగినదని అచ్చటివారు ఇప్పటికిని చెప్పుకొందురు. కావున వారి యిండ్లు స్తంభములమీద నుండును. 2019 డిసెంబరునుండి సముద్రగర్భపు చమురు వెలువడుచుండుటచే జార్జిటౌనున అద్దెలు పెరిగిపోయినవి. బెర్బీసున అంతగా లేదు.

అచ్చట ఒక ఆదివారము మద్రాసీల అమ్మవారి గుడికి పోయితిమి. వేపమండలు, పసుపునీళ్లు, తప్పెటల మ్రోత. వారు మారియమ్మ యని పిలిచిరి. పాటలోని మాటలు పాడువారికే అర్థము తెలియదు. దరువు మాత్రము మన జాతరదే. తెలుగు మాటాడు పాతకుటుంబీకులు మాకెచ్చటను తారసపడలేదు. భాష పోయి నూఱేండ్లయినను దరువు మిగిలినది. మే 5న ఆగమనదినోత్సవములో ఒక వృద్ధుడు మమ్ము, "మీరు ఏ ఓడలో వచ్చారు?" అని నవ్వుచు నడిగెను. మేము విమానములో వచ్చితిమనగా, "అయితే తిరిగి పోగలరు. అది గొప్ప భాగ్యము" అనెను.

ఆ మాటయే మా నిర్ణయమునకు మూలము. మేము భూమి కొనలేదు, పౌరసత్వము మార్చుకొనలేదు. బెర్బీసున నెలకు సుమారు ఇరువదియైదువేల రూపాయల అద్దెకు స్తంభములమీది యిల్లొకటి సంవత్సరమునకు మాటాడుకొంటిమి. దీర్ఘకాలానుమతికై కుమార్తె ద్వారా దరఖాస్తు పెట్టితిమి. చీరాలలోని రెండు గదులు అమ్మలేదు. మా తల్లిగారికి చెప్పిన ప్రత్యుత్తరము: మనవాళ్లున్నారు, కాని మన కులమువారు కారు, వచ్చుటకు రెండు పగళ్లు, రెండు రాత్రులు పట్టును. ఆమె వినియూరకుండి, "అయితే ఎండాకాలం మాత్రం ఇక్కడికొచ్చెయ్యండి, వేడికి నాకు ఆయాసం" అనెను. కావున ఏటేట మార్చి మొదలు జూన్ వఱకు ఇచ్చట, తక్కిన మాసములు అచ్చట ఉండ నిశ్చయించితిమి. ఇందుకగు విమానవ్యయమును బెర్బీసు యింటి పొదుపుతో పూరింపవలసియున్నది; అది సాగినంతకాలము సాగింతుము.

సంఘమునకు విన్నపము

మహాశయులారా! ఈ సభ ముగియకముందు మూడు విన్నపములు చేయుచున్నాము. ఒకటి, విదేశవిద్య, విదేశనివాసములను గూర్చి తల్లిదండ్రులకు ఉచితముగ సమాచారమిచ్చుటకు పదిమందితో ఒక ఉపసంఘము నేర్పఱుపవలయును. పోయివచ్చినవారి లెక్కలు, చిరునామాలు అందు భద్రపఱచవలయును. రెండు, చీరాల, పుట్టపాక నేతగాండ్ర గళ్లబట్ట నమూనాలు కొన్నింటిని మాతో పంపవలయును. మేమచ్చటి అంగళ్లలో చూపి, ధరలు విచారించి వ్రాయుదుము. మూడు, పిల్లలు దూరదేశములలో నున్న వృద్ధుల నెలకొకమాఱు పోయి పలుకరించు బాధ్యతను ప్రతి పట్టణశాఖయు వహింపవలయును. ఈ మూడవదానికి ధనమక్కఱలేదు, కాళ్లు కావలయును.

1955లో గయానానుండి భారతదేశమునకు తిరుగు కూలీలతో చివరి ఓడ బయలుదేఱినది. ఆ తరువాత డెబ్బదియేండ్లకు, 2025 జూలైలో, ట్రినిడాడునందలి భారతసంతతివారి ఆఱవ తరమునకు కూడ ఓ.సి.ఐ. పత్రములు లభించునని మన ప్రధానమంత్రి అచ్చట ప్రకటించిరి. రాలేకపోయినవారి మనుమలకు దారి తెఱచుకొనుచున్నది. పోవుచున్న మన పిల్లలకు తిరిగివచ్చు దారి మూసికొనకుండ చూచుట ఈ మహాసభవారి విధి. పోదలచినవారు పోవుదురు గాక. విచారించి పోవుదురు గాక. మిత్తికి తెచ్చిన సొమ్ముతో కాక సొంతలెక్కతో పోవుదురు గాక.